పాస్‌బుక్‌లో 27 రూపాయల 14 పైసలు: సేవింగ్స్ ఖాతాలోంచి డబ్బు తీసినప్పుడు ఛార్జీ పడకుండా చూసుకోవడం ఎలా?

మా పిన్నిది నరసాపురం దగ్గర పల్లెటూరు. లేసు అల్లుతుంది. కొడుకు కువైట్ నుంచి నెలనెలా కొంత పంపుతాడు. మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు సంచిలోంచి పాస్‌బుక్ తీసి నా చేతిలో పెట్టి, "ఇదేంటో చూడరా అబ్బాయ్, ఎవడో నా డబ్బులు కొరుక్కు తింటున్నాడు" అంది.

చూస్తే ఒక నెల చివర 27.14 అని నాలుగు వరసలు, వాటి మధ్యలో 23.60 అని రెండు వరసలు ఉన్నాయి. మొత్తం 155 రూపాయల 76 పైసలు. ఆ డబ్బు రావాలంటే లేసు సూది ఎంతసేపు ఆడించాలో ఆవిడకే తెలుసు.

కూర్చోబెట్టి అడిగితే సంగతి బయటపడింది. ఆ నెలలో ఊళ్లో ఉన్న ఏటీఎంలో ఏడుసార్లు ఐదేసి వందలు తీసింది, రెండుసార్లు బ్యాలెన్స్ చూసుకుంది. చేతిలో డబ్బుంటే ఖర్చయిపోతుందని కొంచెం కొంచెంగా తీసుకోవడం ఆవిడ పొదుపు పద్ధతి. ఆ ఏటీఎం మాత్రం ఆవిడ బ్యాంకుది కాదు. తొమ్మిదింట్లో మొదటి ఐదూ ఉచితం. మిగిలిన నాలుగింటికి ఒక్కోదానికి 23 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 4 రూపాయల 14 పైసలు. 23.60 కథ వేరు, కింద చెబుతాను.

పిన్నికి నేను చెప్పిన మాటే మీకూ చెబుతున్నా. బ్యాంకు మీరు ఎంత తీశారో చూడదు, ఎన్నిసార్లు తీశారో చూస్తుంది. ఐదు వందలు తీసినా 27.14, పది వేలు తీసినా 27.14. ఐదు వందల మీద అది ఐదు శాతం పైమాటే. సేవింగ్స్ ఖాతాలో డబ్బు ఏడాదంతా కదపకుండా ఉంచితే పెద్ద బ్యాంకులు ఇచ్చే వడ్డీ రెండున్నర శాతం దగ్గర ఉన్న రోజులివి. అంటే ఒక్క ఏటీఎం ఛార్జీతో ఆ ఐదు వందల మీద రెండేళ్ల వడ్డీ పోయినట్టే.

1. ముందు మీ ఖాతా ఏ రకమో తేల్చుకోండి

పాస్‌బుక్ మొదటి పేజీలో ఖాతా రకం రాసి ఉంటుంది. చాలామంది ఆ పేజీని ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కోసం తప్ప చూడరు. మామూలు సేవింగ్స్ ఖాతానా, జీతం ఖాతానా, పెన్షన్ ఖాతానా, జీరో బ్యాలెన్స్ ఖాతానా అన్నదాన్ని బట్టి కింద చెప్పే లెక్కలన్నీ మారతాయి.

జీరో బ్యాలెన్స్ ఖాతా దగ్గర చాలామంది పొరబడుతున్నారు. 2014 ఆగస్టు 28న మొదలైన జన్‌ధన్ కింద తెరిచినవి, డ్వాక్రా మహిళలకు, ఉపాధి కూలీలకు తెరిచినవి ఎక్కువగా ఈ రకానివే. బ్యాంకు భాషలో బేసిక్ సేవింగ్స్ ఖాతా. ఇందులో కనీస నిల్వ అక్కర్లేదు, మామూలు ఏటీఎం కార్డుకి ఏడాది రుసుము ఉండదు. కానీ ఉచితంగా డబ్బు తీసుకునే అవకాశం నెలకు కనీసం నాలుగుసార్లు ఇవ్వాలని మాత్రమే రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఏటీఎంలో తీసినవి కూడా ఆ నాలుగులోకే వస్తాయి. బ్యాంకు తనంతట తాను ఎక్కువ ఇస్తే మంచిదే, ఇవ్వకపోతే ఐదోసారి నుంచి ఛార్జీ పడొచ్చు. జీరో బ్యాలెన్స్ అంటే జీరో ఛార్జీ అనుకుని మా ఊళ్లో ఎంతమంది మోసపోయారో! మోసం బ్యాంకుది కాదు, ఆ పేరుది.

అందుకే "మామూలు ఖాతాని జీరో బ్యాలెన్స్‌కి మార్చేయండి" అని కౌంటర్‌లో చెప్పేముందు ఆగండి. అడిగితే మారుస్తారు, అది మీ హక్కు. అయితే నెలకు ఆరేడుసార్లు డబ్బు తీసే అలవాటుంటే మామూలు ఖాతాయే నయం. ఎప్పుడో ఓసారి తీసి, నిల్వ మాత్రం తరచూ అడుగంటేవాళ్లకు జీరో బ్యాలెన్స్ నయం. ఒకే బ్యాంకులో రెండు రకాలూ ఉంచుకోనివ్వరు. బేసిక్ ఖాతా తెరిస్తే ఆ బ్యాంకులో ఉన్న మామూలు సేవింగ్స్ ఖాతాని 30 రోజుల్లో మూసేయాలి.

మన డెల్టా వాళ్లకి ఇంకో చిక్కుంది. పాస్‌బుక్ మీద ఒక పేరు, బోర్డు మీద ఇంకో పేరు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని ఆంధ్రా బ్యాంకనే అంటారు, మచిలీపట్నంలో పుట్టిన బ్యాంకు కదా, ఆ పేరు ఊరికే పోదు. చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మరో మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఇలా కలిసిపోయిన బ్యాంకుల ఖాతాదారులకి ఇప్పుడు కొత్త బ్యాంకు ఛార్జీల పట్టికే వర్తిస్తుంది. "మాకు ముందు ఇలా లేదండీ" అంటే పని జరగదు. అలాగే కొత్త బ్యాంకు ఏటీఎం ఇప్పుడు మీ సొంత బ్యాంకు ఏటీఎమే. పాత ఆంధ్రా బ్యాంకు ఖాతా ఉన్నాయన యూనియన్ బ్యాంకు ఏటీఎం పక్కనుంచే నడిచి వెళ్లి వేరే దాంట్లో డబ్బు తీయడం నేను పాలకొల్లులో కళ్లారా చూశాను.

2. ఏటీఎం లెక్క కంఠతా పట్టండి

మామూలు సేవింగ్స్ ఖాతాకి రిజర్వ్ బ్యాంకు పెట్టిన కనీస హద్దులివి. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు ఐదుసార్లు ఉచితం. వేరే బ్యాంకు ఏటీఎంలో అయితే ముంబై, ఢిల్లీ, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లో మూడు, మిగతా చోట్ల ఐదు. ఇంతకంటే ఎక్కువ ఇచ్చే బ్యాంకులు కూడా ఉన్నాయి. హద్దు దాటాక ఒక్కో లావాదేవీకి గరిష్ఠంగా 23 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఈ 23 అనేది 2025 మే 1 నుంచి. అంతకుముందు 21, అది 2022 జనవరి నుంచి. దానికి ముందు 20.

మెట్రోనా కాదా అన్నది ఏటీఎం ఎక్కడుందో దాన్ని బట్టే, ఖాతా ఎక్కడుందో దాన్ని బట్టి కాదు. అమలాపురంలో ఖాతా ఉన్న కుర్రాడు హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటే వేరే బ్యాంకు మిషన్లలో అతనికి మూడే. సంక్రాంతికి ఊరొస్తే ఐదు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం ఎంత కిటకిటలాడినా ఈ లెక్కలో మెట్రోలు కావు. విజయవాడ, విశాఖ కూడా కావు.

వేరే బ్యాంకు మిషన్లో మీరు డబ్బు తీసిన ప్రతిసారీ మీ బ్యాంకు ఆ మిషన్ యజమానికి 19 రూపాయలు కట్టాలి. మొదటి ఐదుసార్లు అది మీ బ్యాంకు నెత్తిన, తర్వాత మీ నెత్తిన. ఛార్జీ ఎందుకని అడిగేవాళ్లకి సమాధానం ఇదే.

పల్లెల్లో, పెట్రోలు బంకుల పక్కన ఏ బ్యాంకు పేరూ లేని ఏటీఎంలు కనిపిస్తాయి. బ్యాంకులు కాని కంపెనీలు నడిపేవి అవి. ఎవరికైనా అవి "వేరే బ్యాంకు" లెక్కే.

ఇక అసలు లెక్కలోకే రానివి. నెట్‌వర్క్ పోయి, మిషన్ పాడై, మిషన్లో నోట్లు లేక ఆగిపోయిన లావాదేవీని మీ ఐదులో ఒకటిగా లెక్కపెట్టకూడదని 2019 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. పిన్ తప్పు కొట్టినా అంతే. సొంత బ్యాంకు ఏటీఎంలో బ్యాలెన్స్ చూసుకోవడం, చెక్ బుక్ అడగడం కూడా లెక్కలోకి రావు. వేరే బ్యాంకు ఏటీఎంలో బ్యాలెన్స్ చూస్తే మాత్రం ఒకటి అయిపోయినట్టే. పిన్ని రెండు ఉచిత అవకాశాలు అలాగే ఖర్చయ్యాయి.

3. బ్యాలెన్స్ తెలియకుండా మిషన్ ముందు నిలబడకండి

ఆకివీడు దగ్గర మా బాబాయికి చేపల చెరువుంది. పట్టుబడి రోజు సాయంత్రం వల లాగిన కూలీలకు డబ్బివ్వాలి. ఇద్దరం ఏటీఎంకి వెళ్లాం. బాబాయి కళ్లజోడు మరిచిపోయాడు, మీటలు నొక్కడం మాత్రం నాకివ్వడు. పది వేలు కొట్టాడు. మిషన్ గుర్రుమని కాసేపు ఆలోచించి చీటీ కక్కింది. చీటీ చూడకుండా "దీనికి వినపడలేదు" అని మళ్లీ పది వేలు కొట్టాడు. మళ్లీ చీటీ. అప్పుడు నేను తీసుకుని చదివితే ఖాతాలో ఉన్నది 9,940. మూడోసారి 9,500 కొడితే నోట్లు గలగలా వచ్చాయి. నెల తిరిగాక పాస్‌బుక్‌లో 23.60 రెండుసార్లు. అరవై రూపాయలు తక్కువైనందుకు 47 రూపాయల 20 పైసలు జరిమానా.

ఖాతాలో డబ్బు చాలక లావాదేవీ ఆగిపోతే అది మిషన్ తప్పు కాదు, మన తప్పు కింద లెక్క. చాలా బ్యాంకులు దీనికి 20 రూపాయలు, జీఎస్టీతో 23.60 వేస్తాయి. పిన్ని పాస్‌బుక్‌లో పడిన రెండూ ఇవే. కొన్ని బ్యాంకుల్లో ఇంకాస్త ఎక్కువే. ఉచిత అవకాశాలు మిగిలి ఉన్నా ఇది పడుతుంది, అదే దీంట్లో కడుపుమంట.

కాబట్టి ఇంటి దగ్గరే చూసుకుని బయల్దేరండి. ఫోన్‌లో యూపీఐ యాప్ ఉంటే క్షణం పని. మీ బ్యాంకు మిస్డ్ కాల్ నంబరు ఉంటే ఇంకా సులువు, ఖాతాకి ముడిపెట్టిన ఫోన్ నుంచే చేయాలి సుమా. కీప్యాడ్ ఫోన్ వాళ్లు *99# కొట్టి చూసుకోవచ్చు, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు.

ఇంకో మెలిక కూడా ఉంది. పాస్‌బుక్‌లో కనిపించే సొమ్మంతా తీయగలిగేది కాకపోవచ్చు. చెక్కు ఇంకా క్లియర్ కాకపోయినా, అప్పు వాయిదా కోసం బ్యాంకు కొంత సొమ్ము ఆపి ఉంచినా బ్యాలెన్స్ అంకె పెద్దగానే కనిపిస్తుంది, మిషన్ మాత్రం లేదంటుంది. తీయదగ్గ బ్యాలెన్స్ ఎంతో చూడండి. మిషన్ ఒకసారి కాదంటే చీటీ చదవకుండా రెండోసారి నొక్కొద్దు.

4. నెలకి ఎన్నిసార్లు తీయాలో ముందే అనుకోండి

మామూలు ఖాతా ఉన్న మనిషికి సొంత మిషన్లో ఐదు, మన వైపు వేరే మిషన్లలో ఐదు, మొత్తం పది ఉచితం. ఇంట్లో ఖర్చుకి నెలకు ఐదు వేలు నగదు కావాలనుకోండి. ఐదేసి వందల చొప్పున తీస్తే పదిసార్లు, పదీ ఖర్చయిపోతాయి. అవన్నీ వేరే మిషన్లోనే తీస్తే ఐదింటికి ఛార్జీ, 135 రూపాయల 70 పైసలు. రెండున్నర వేల చొప్పున రెండుసార్లు తీస్తే ఒక్క పైసా పోదు, ఇంకా ఎనిమిదిసార్లు చేతిలో ఉంటాయి.

పిన్నికి నేను చెప్పిన ఏర్పాటు ఇది. నెలలో రెండుసార్లు, నరసాపురం వెళ్లినప్పుడు సొంత బ్యాంకు మిషన్లోనే తీయాలి. ఇంటికి రాగానే డబ్బుని నాలుగు కవర్లలో సర్దాలి, వారానికొకటి. ఒక కవర్ ముట్టుకున్న వారం రెండోది ముట్టుకోకూడదు. "ఏటీఎంకి బదులు బియ్యం డబ్బా అన్నమాట" అంది. అంతే మరి. కూరగాయలబండి అబ్బాయికి, మందుల షాపుకి యూపీఐ చేస్తే కవర్లు ఇంకా నిలుస్తాయి. యూపీఐ లావాదేవీకి, రూపే డెబిట్ కార్డుతో చెల్లించినందుకు 2020 జనవరి 1 నుంచి ఛార్జీ వేయకూడదు. ఆ తర్వాత కూడా కొన్ని బ్యాంకులు కొన్ని యూపీఐల తర్వాత రుసుము గుంజాయి. 2020 ఆగస్టు 30న ఆదాయపు పన్ను బోర్డు, అలా వసూలు చేసింది వెనక్కి ఇచ్చేయమని చెప్పింది.

డెల్టాలో నగదు అవసరం నెలంతా ఒకేలా ఉండదు, సీజన్లను బట్టి ఉంటుంది. నాట్లప్పుడు, కోతలప్పుడు, కొబ్బరి దింపు రోజుల్లో కూలీలకి చేతిలో పెట్టాల్సిందే. అలాంటప్పుడు ఏటీఎంలో రోజువారీ హద్దుకి లోబడి నాలుగు రోజులు నాలుగుసార్లు తీసేకంటే బ్రాంచిలో ఒకేసారి తీసుకోవడం మేలు.

భోగికి రెండు రోజుల ముందు నుంచి కోనసీమలో ఏటీఎంల పరిస్థితి తెలిసిందే. హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చిన జనం, కోడిపందేల బరులు, కొత్తబట్టల షాపులు, అందరూ ఒక్కసారే మీద పడతారు. రావులపాలెంలో ఖాళీ, కొత్తపేటలో ఖాళీ, మూడో ఊళ్లో దొరికితే అది వేరే బ్యాంకుది. ఖాళీ మిషన్ ముందు ఆగిపోయినవి లెక్కలోకి రావు గానీ పెట్రోలు ఖర్చు ఎవరిస్తారు? పండక్కి వారం ముందే తీసి పెట్టుకోండి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడూ అంతే. కరెంటు పోతే ఏటీఎం పోతుంది, టవర్ పోతే యూపీఐ పోతుంది.

5. బ్రాంచి కౌంటర్ దగ్గర

కౌంటర్‌లో విత్‌డ్రాయల్ ఫారం రాసి తీసుకుంటే ఎప్పుడూ ఉచితమని మన నాన్నల కాలం నమ్మకం. ఇప్పుడు అన్ని బ్యాంకుల్లో అలా లేదు. కొన్ని బ్యాంకులు మీ సగటు నిల్వను బట్టి నెలకు ఇన్నిసార్లు అని హద్దు పెట్టి, ఆపైన తీస్తే రుసుము వేస్తాయి. తక్కువ నిల్వ ఉన్నవాళ్లకే తక్కువసార్లు. అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపిస్తుంది, కానీ నిబంధన అది. సొంత బ్రాంచి కాకుండా వేరే ఊరి బ్రాంచిలో తీస్తే మొత్తానికి కూడా హద్దు ఉంటుంది. బ్రాంచిలో సర్వీస్ ఛార్జీల పట్టిక పెట్టి ఉండాలి, వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. "నా ఖాతాకి నెలకి కౌంటర్‌లో ఎన్నిసార్లు ఉచితమండీ?" అన్న ఒక్క ప్రశ్న అడిగి, జవాబు పాస్‌బుక్ అట్ట వెనక పెన్సిల్‌తో రాసుకోండి.

ఒక హెచ్చరిక, చెరువులు, ధాన్యం వ్యాపారం చేసేవాళ్లకి. ఏడాదిలో కోటి రూపాయలు దాటి నగదు తీస్తే, దాటిన దాని మీద బ్యాంకు 2 శాతం టీడీఎస్ పట్టుకుంటుంది. అది బ్యాంకు ఛార్జీ కాదు, మీ పేరున ప్రభుత్వానికి కట్టిన పన్ను. రిటర్న్ వేసి సర్దుబాటు చేసుకోవచ్చు. చాలామంది దాన్ని కూడా ఛార్జీ అనుకుని వదిలేస్తున్నారు.

6. కనీస నిల్వ

స్టేట్ బ్యాంకు 2020లోనే సేవింగ్స్ ఖాతాలకు కనీస నిల్వ జరిమానా ఎత్తేసింది. 2025లో కెనరా బ్యాంకు జూన్ నుంచి, పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా జూలై నుంచి ఎత్తేశాయి (బరోడాలో కొన్ని ప్రత్యేక ఖాతాలు మినహా). ప్రైవేటు బ్యాంకుల్లో మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. ఉద్యోగం మానేశాక జీతం ఖాతా మామూలు ఖాతాగా మారిపోతుందన్నది మరిచిపోయి దెబ్బతినేవాళ్లు ఎక్కువ.

చాలాచోట్ల చూసేది ఒక్కరోజు నిల్వ కాదు, నెల సగటు. రోజు ముగిసేసరికి ఖాతాలో ఎంత ఉందో నెలంతా కూడి రోజుల సంఖ్యతో భాగిస్తారు. అంటే వెయ్యి రూపాయల సగటు కావాలంటే 30 రోజులూ వెయ్యి ఉండాల్సిన పని లేదు. 30 రోజుల నెలలో ధాన్యం డబ్బు పది వేలు మూడు రాత్రులు ఖాతాలో ఉంటే చాలు, మిగతా రోజులు సున్నా అయినా సగటు వెయ్యి వచ్చేస్తుంది. ముప్ఫై వేలైతే ఒక్క రాత్రి చాలు. అందుకే సొమ్ము పడిన రోజే మొత్తం ఊడ్చేయకుండా రెండు మూడు రోజులు ఆగండి.

నిల్వ తగ్గితే బ్యాంకు ముందు మీకు తెలియజేయాలి, సరిచేసుకోడానికి కనీసం నెల గడువివ్వాలి. ఎంత తగ్గిందో దానికి తగ్గట్టే జరిమానా ఉండాలి. ఈ జరిమానా వల్లే ఖాతా మైనస్‌లోకి వెళ్లకూడదు. 2015 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనలివి. "మీ ఖాతా మైనస్ ఆరు వందలు ఉందండీ, కట్టాకే మూస్తాం" అని ఎవరైనా అంటే ఈ మాట గుర్తు చేయండి. రెండేళ్లు వాడక మూలపడ్డ ఖాతాకి ఈ జరిమానా వేయకూడదు, దాన్ని మళ్లీ వాడుకలోకి తేవడానికీ రుసుము లేదు.

7. వేలిముద్ర వేసి తీసుకునేవాళ్లు

ఏటీఎం లేని లంక గ్రామాల్లో బ్యాంకు మిత్రే దిక్కు. ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే ఒక్కోసారికి పది వేల దాకా ఇస్తారు. బ్యాంకు తరఫున ఈ సేవ చేసినందుకు బ్యాంకు మిత్ర ఖాతాదారు దగ్గర నేరుగా డబ్బు తీసుకోకూడదు. ఆయన కమీషన్ ఆయనకి బ్యాంకే ఇస్తుంది. అయినా వెయ్యికి పది అని తీసుకునేవాళ్లు ఉన్నారు. నా మాట చెప్పమంటే, పడవ దిగి ఆటో ఎక్కి టౌనుకెళ్లే ముసలమ్మకి ఆ పది దండగ కాదు, ఆవిడకి తెలిసి ఇస్తే నేను తగువు పెట్టను. "బ్యాంకువాళ్లే కట్ చేస్తారమ్మా" అని అబద్ధం చెప్పి తీసుకుంటేనే తప్పు. అలా అంటే రసీదు అడగండి. రసీదులో లేని ఛార్జీ బ్యాంకుది కాదు.

వేలు పెట్టాక రసీదు లేకుండా కదలకండి. "ఫెయిల్ అయింది, మళ్లీ పెట్టు" అంటే మొదటిదానికీ చీటీ అడగండి. ఎందుకంటే మొదటిదే సక్సెస్ అయి ఉండొచ్చు.

కార్డు లేకుండా ఏటీఎం తెర మీది క్యూఆర్ స్కాన్ చేసి యూపీఐతో తీసుకునే పద్ధతి కూడా వచ్చింది. అది కొత్త అవకాశమేమీ కాదు, మీ ఉచిత సంఖ్యలోంచే పోతుంది. కొన్ని షాపుల్లో డెబిట్ కార్డు గీకి మన ఊళ్లలో రెండు వేల దాకా నగదు తీసుకోవచ్చు, దానికి రుసుము ఉంటే ఒక శాతం మించకూడదు. క్రెడిట్ కార్డుతో మాత్రం ఏటీఎం వైపు చూడకండి, రుసుముతో పాటు తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

8. నోట్లు రాలేదు, ఖాతాలో కట్ అయింది

కంగారు పడకండి, చీటీ పారేయకండి. చీటీ రాకపోతే టైమూ, మిషన్ మీద రాసున్న ఏటీఎం నంబరూ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మిషన్ ఎవరిదైనా ఫిర్యాదు మీ కార్డు ఇచ్చిన బ్యాంకుకే. లావాదేవీ జరిగిన రోజు కాక ఐదు రోజుల్లోగా సొమ్ము దానంతటదే వెనక్కి రావాలి. అవి క్యాలెండర్ రోజులు, సెలవులు కలిపే. దాటితే రోజుకి వంద రూపాయల చొప్పున బ్యాంకు మీకు పరిహారం ఇవ్వాలి, మీరు అడగకపోయినా. ఒకటో తారీఖున పోయిన సొమ్ము పదో తారీఖున వస్తే నాలుగు రోజుల ఆలస్యానికి నాలుగు వందలు. సొమ్ము వచ్చిందన్న సంతోషంలో ఆ నాలుగు వందల సంగతి ఎవరూ చూడరు. మీరు చూడండి.

9. తప్పు ఛార్జీ పడితే

ముందు లెక్క సరిచూసుకోండి. పిన్ని విషయంలో బ్యాంకు తప్పు లేదు, అందుకే మేమేమీ రాయలేదు. తప్పుంటే నోటిమాటతో ఆపకండి, కాగితం మీద పెట్టండి. ఇంగ్లీషు అక్కర్లేదు. ఇంత చాలు:

"బ్రాంచి మేనేజర్ గారికి, నా సేవింగ్స్ ఖాతా నంబరు ఫలానా. ఫలానా తేదీన ఏటీఎం ఛార్జీగా రూ.27.14 కట్ అయింది. ఆ నెలలో ఇతర బ్యాంకుల ఏటీఎంలలో నేను డబ్బు తీసుకున్నది ఐదుసార్లే. మరొకసారి మిషన్లో నోట్లు లేక ఆగిపోయింది, చీటీ జతచేశాను. 2019 ఆగస్టు నాటి రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం అది లెక్కలోకి రాదు. దయచేసి ఆ మొత్తం తిరిగి జమ చేయగలరు."

రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద సీలు, తేదీ వేయించుకోండి. యాప్‌లోనో కస్టమర్ కేర్‌లోనో చేస్తే ఫిర్యాదు నంబరు రాసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆన్‌లైన్‌లో రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో వేయొచ్చు, పోస్టులో అయితే చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వ్ బ్యాంకు కార్యాలయానికి పంపాలి. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. జవాబు అందాక నెలల తరబడి నానబెట్టకుండా వెంటనే వేయండి. ఎలా వేయాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు.